హుకుందార్

యుద్ధం ఎందరి కొంపలు ముంచిందో గానీ, అమలాపురంలో త్రిమూర్తులు గారి కొట్టును మాత్రం నిలబెట్టింది. పటాలం వాళ్ళు వేలంలో వదిలించుకున్న ఖాకీ కోట్లు, కంబళ్ళు, నీళ్ళ సీసాలు తెచ్చి అమ్మేవారాయన. చిరిగిన కోట్లకు మాసికలు వేసే పని భూలక్ష్మిది.

ఆమె మొగుడు కనకరాజు బర్మా యుద్ధానికి వెళ్ళాడు. యుద్ధం ముగిసి రెండేళ్ళయినా మనిషీ రాలేదు, కబురూ రాలేదు. "ఇంకా ఆ బొట్టెందుకే?" అని ఆడవాళ్ళు సూటిపోటి మాటలంటే, "ఆయనొచ్చి తియ్యమంటే తీస్తానండి" అనేది. మొండిఘటం!

సెలవుకొచ్చినప్పుడు కనకరాజు నోటినిండా పటాలం మాటలే. వంటింటిని లంగరనేవాడు, పక్కబట్టల్ని బిస్తరా అనేవాడు. తలుపు తడితే భూలక్ష్మి లోపల్నుంచి "హుకుందార్?" అని అరవాలి. ఎవరక్కడ అని కాపలా సిపాయి అడిగే మాటది. "దోస్త్" అని ఇతని జవాబు. రమ్మనేదాకా అడుగు వెయ్యకూడదట. వానలో తడుస్తూ అలాగే నిలబడి నవ్వేవాడు పిచ్చి మారాజు.

ఆ శ్రావణంలో ఓ సాయంత్రం ముసురు పట్టింది.

"దీపం పెట్టుకో అమ్మా, ఐనవిల్లి దాకా వెళ్ళొచ్చేస్తాను" అన్నారు త్రిమూర్తులు గారు గొడుగు తీసుకుంటూ.

"ఆయ్, అలాగేనండి."

జల్లు కొడుతోందని తలుపు వేసుకుని, గుండె దగ్గర చిల్లు పడ్డ కోటొకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది భూలక్ష్మి. కొట్టంతా తడి ఉన్ని వాసన, కలరా ఉండల వాసన. గోడల పొడుగునా కొక్కేలకు కోట్లు బొత్తాలు విప్పి వేలాడుతున్నాయి. చిల్లు మీద ఆఖరి కుట్టు వేసి దారం కొరికింది.

వాన చప్పుడు ఆగిపోయింది. వాన ఆగలేదు... చప్పుడే ఆగింది.

తలుపవతల ఎవరో నిలబడ్డారు. బురద వాసన. ఈ ఊరి బురద కాదు...

అలవాటైన మాటే నోటికొచ్చింది.

"హుకుందార్?"

"దోస్త్..."

అదే గొంతు! భూలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది.

"రండి! లోపలికి రండి!"

"నాతో ఇంకొందరు ఉన్నారే" గుసగుసగా అన్నాడు కనకరాజు. "చలికి ఆగలేకపోతున్నారు. వాళ్ళనీ రమ్మంటావా?"

కాదంటే ఆయనా వెళ్ళిపోతాడు. ఇంతదూరం వచ్చినవాణ్ణి ఏ నోటితో పొమ్మంటుంది?

"రమ్మనండి... అందర్నీ రమ్మనండి."

దీపం ఆరిపోయింది. తలుపు తెరుచుకోలేదు. తడి కాళ్ళు... ఎన్నో కాళ్ళు... ఆమెను రాసుకుంటూ గోడలవైపు వెళ్ళాయి. చీకట్లో బొత్తాలు పెట్టుకుంటున్న చప్పుడు. ఒళ్ళో బరువు తగ్గింది. చల్లటి చెయ్యొకటి ఆమె నుదుటి మీద ఆగింది.

"ఏవండీ... మీరేనా?"

ఏడుపు దిగమింగుకున్నట్టు ఒక్క నిట్టూర్పు. అంతే.

ఎలాగో అగ్గిపుల్ల గీసింది. ఎవరూ లేరు. గోడలకున్న కోట్లన్నిటికీ మెడదాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. ఆమె కుట్టిన కోటు తలుపు పక్క కొక్కేనికి వేలాడుతోంది. వేసిన మాసిక ఊడిపోయి చిల్లు మళ్ళీ నోరు తెరుచుకుంది.

ఆ కోటు చేతి అంచున ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. నెత్తురేమో అనుకుంది. దగ్గరికెళ్ళి వేలితో ముట్టి చూసింది. కుంకం.

భూలక్ష్మి చెయ్యి నుదుటి మీదికి పోయింది. అక్కడ బొట్టు లేదు.