వాతావరణం ఐకాన్ వెనుక

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి గొడుగు చనిపోయి ఉన్నాడు.

గొడుగు అతని కోడ్ నేమ్. మండుటెండలో అయినా, మబ్బు పట్టినా గొడుగు లేకుండా గడప దాటడని డిపార్ట్‌మెంట్‌లో తగిలించిన పేరది. ఆ గొడుగు కర్రలో సైలెన్సర్ పిస్టల్ ఉండేది. పాపం, దాన్ని వాడాలని కూడా అతనికి తోచలేదు. తూటా కోటు గుండీ పక్కనే, అతి దగ్గర్నించి దిగింది. మొహంలో భయం లేదు. బాగా కావలసినవాళ్ళు ఎదురైతే వచ్చే నవ్వు సగంలో ఆగిపోయి ఉంది.

"జేబుల్లో ఏమున్నాయి?" అన్నాడు డైరెక్టర్.

"పర్సు, తాళాలు, రుమాలు. దగ్గు బిళ్ళల డబ్బా లేదు సార్. పొద్దున నా ఎదురుగానే జేబులో వేసుకున్నాడు." జవాబు చెప్పినవాడు మేకు. అదీ కోడ్ నేమే. ఒకచోట దిగాడంటే ఊడబెరకడం కష్టమని అలా పిలుస్తారు. చనిపోయినవాడు అతని పార్ట్‌నర్. పైగా సొంత చెల్లెలి మొగుడు.

"దగ్గు బిళ్ళల కోసం ఎవడూ మనిషిని చంపడు. వదిలెయ్," అన్నాడు డైరెక్టర్, శవాన్ని దాటి మెట్ల వైపు నడుస్తూ. లిఫ్టు ఖాళీ లేదు కదా.

బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి గొడుగు చనిపోయిన ఆ బిల్డింగ్‌లోనే నాలుగో అంతస్తులో క్యాలెండర్లు అచ్చువేసే కంపెనీ పేరుతో మకాం పెట్టింది. నాయకుణ్ణి దొర అంటారు. నిండుకుండలా ఉన్న రిజర్వాయర్ గేట్ల కంట్రోల్ సిస్టమ్‌లో అతని మనుషులు ఎక్కడో ఓ పరికరం దాచారు. దొర కంప్యూటర్ నుంచి ఒక్క కమాండ్ వెళ్తే గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. కింద పట్నం ఉంది.

"రెయిడ్ చేస్తే?" అడిగాడు మేకు.

"తలుపు బద్దలు కొట్టేలోగా క్లిక్ చేస్తాడు. మనం ముందు ఆ క్లిక్‌ని చంపాలి, తర్వాతే వాణ్ణి. దొరకి టైపింగ్ రాదు. వాడి కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్, తెర మీది మెనూలోంచే అన్నీ నొక్కుతాడు. మెనూ నిండా ఆటలూ చెత్తా ఉన్నాయి, వాడికేమో చెయ్యి వణుకు. శుభ్రం చేయించుకోవాలని మెకానిక్‌ని పిలిచాడు. ఆ మెకానిక్ కాలు విరిగింది."

"ఎలా?"

"మనమే విరగ్గొట్టాం. వాడి బదులు నువ్వెళ్తున్నావ్."

మేకు కదల్లేదు. "నెమలి అక్కడే ఉంది సార్."

నెమలి అతని చెల్లెలు, గొడుగు భార్య. డిపార్ట్‌మెంట్ పంపిన డబుల్ ఏజెంట్. దొర పక్కన సెక్రటరీగా చేరి అతని నీడలా మసలుతోంది. ఆమె గదిలోకి వస్తే మగాళ్ళు ఆడుతున్న మాట మధ్యలో మర్చిపోతారు.

"గొడుగు వస్తున్నట్టు ముగ్గురికే తెలుసు," అన్నాడు డైరెక్టర్. "నాకూ, నీకూ, నెమలికీ. నేను చంపలేదు."

"అది నా చెల్లెలు సార్. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. దాన్ని ప్రాణాలతో ఇంటికి తెస్తాను."

"మన మనిషైతే తీసుకురా. కాకపోతే తీసుకురాకు." డైరెక్టర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ మొహాన్ని చూస్తే మేకుకి ఒళ్ళు మండిపోయింది.

క్యాలెండర్ల ఆఫీసు నిండా కాగితం ధూళి. అమ్ముడుపోని పాత సంవత్సరాలు గోడ వారగా కట్టలు కట్టి ఉన్నాయి. దొర బొద్దుగా, గారాబంగా పెరిగిన మనిషిలా ఉన్నాడు. కుడి చెయ్యి వణుకుతోంది. ఎడమ చెయ్యి మాత్రం బల్ల కిందే ఉంది. అది వణుకుతోందో లేదో తెలుసుకోవాలని ఎవరూ సరదాపడరు.

"మెయిల్, ప్రింటింగ్, కాలిక్యులేటర్, వాతావరణం. ఈ నాలుగే కనబడాలి," అన్నాడు దొర. "బొమ్మలు పెద్దవి చెయ్. ఆటలు తీసెయ్."

"తీసెయ్యక్కర్లేదు సార్, మెనూలో కనబడకుండా దాచేస్తే చాలు," అంటూ మేకు కుర్చీ లాక్కుని, మెనూని మార్చే ప్రోగ్రామ్ మెనూ ఎడిటర్‌ని తెరిచాడు. కూర్చుంటూనే చొక్కా పై గుండీ ఊడదీసి బల్ల అడుగున అతికించాడు. అది మైక్.

కాఫీ కప్పుతో నెమలి వచ్చింది. "పంచదార ఎన్ని చెంచాలు?"

"ఒకటే. కలపొద్దు." ఒంటరిగా మాట్లాడాలని చెప్పే కోడ్ అది.

దొరకి ఫోన్ వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి మాట్లాడుతున్నాడు. నెమలి కప్పు పెడుతూ వంగింది. "అన్నయ్యా, కాలిక్యులేటర్. గేట్లు అదే."

"బావ..."

"తెలుసు. ఇక్కడ ఏడవడానికి కూడా దిక్కులేదురా." కళ్ళు నిజంగానే తడిశాయి.  ఈ పూటే దీన్ని ఇక్కణ్ణించి లాక్కుపోవాలనుకున్నాడు మేకు.

కాలిక్యులేటర్ ఎంట్రీ తెరిచాడు. మెనూలో ప్రతి ఎంట్రీకీ ఒక పేరు, ఒక బొమ్మ, వాటి వెనక అసలు నడిచే కమాండ్ ఒకటి ఉంటాయి. పేరూ బొమ్మా ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. కాలిక్యులేటర్ వెనక ఉన్నది ఉత్త కాలిక్యులేటరే. అనుమానంతో వాతావరణం తెరిచాడు. మబ్బు చాటున సూర్యుడి బొమ్మ. దాని వెనక బారెడు కమాండ్, చివర రిజర్వాయర్ కంట్రోల్ రూమ్ అడ్రసు.

దానికి తెలీదేమో. దొర దాన్నీ బోల్తా కొట్టించాడేమో. మేకు చెల్లెలి తరఫున తనే వకీలై వాదించుకున్నాడు. ఇంతలో కాగితం ధూళికి దగ్గు తెర కమ్ముకుంది.

"అయ్యో, ఇదిగో," అంటూ నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డబ్బా తీసి బిళ్ళ చేతిలో పెట్టింది. రేకు డబ్బా, మూత మీద సొట్ట. ఆ సొట్ట పొద్దున జీపు తలుపులో పడి నలిగినప్పటిది. మొగుడూ పెళ్ళాలు ఇంట్లో ఒకే డబ్బాలోంచి తీసుకునేవాళ్ళు. లిఫ్టులో కూడా అలవాటు చొప్పున తీసేసుకున్నట్టుంది.

మేకు బిళ్ళ నోట్లో వేసుకుని చప్పరించాడు. "థాంక్స్ మేడమ్," అన్నాడు.

వాతావరణం వెనక ఉన్న కమాండ్‌ని చెరిపేశాడు. దాని బదులు తెర మీద చిన్న పెట్టె తెరిచి రాసిన మాట చూపించే కమాండ్ పెట్టాడు. ఊరు మునగకుండా ఆపడానికి ఏ మాట రాసినా సరిపోతుంది. 'లోపం జరిగింది' అని రాసినా చాలు. వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఆగిపోయిన ఆ సగం నవ్వు గుర్తొచ్చింది. అప్పుడు తను రాయదలచిన వాక్యం రాసి, సేవ్ చేసి లేచాడు.

వీధి అవతల లాండ్రీ వ్యాన్‌లో డైరెక్టరూ, తుపాకులతో టీమూ కూర్చున్నారు. మేకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. స్పీకర్‌లో నెమలి గొంతు హాయిగా నవ్వుతోంది.

"మా అన్న కాలిక్యులేటర్‌ని ఖూనీ చేసి వెళ్ళుంటాడు. పనైపోయిందని ఆఫీసులో రిపోర్టిస్తాడు. వాళ్ళు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటారు. అందుకేగా వాణ్ణి బతకనివ్వమన్నాను."

"నిజంగా అందుకేనా?" దొర గొంతు.

జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. "అందుకే. సిస్టమ్ ఫోల్డర్‌లో మెనూ ఫైళ్ళన్నీ ముందే బ్యాకప్ తీసిపెట్టాను. ఇప్పుడు మళ్ళీ పాతవే పెట్టేశాను. వాడు ఏం చెడగొట్టినా ఇక చెల్లదు. నా చేత్తో సరిచేశాను, ధీమాగా నొక్కండి."

డైరెక్టర్ మొహంలో మొదటిసారి రంగు మారింది. "పాతవి పెట్టేసిందట! మునిగాం! పదండి పైకి!"

"కూర్చోండి సార్," అన్నాడు మేకు. "మెనూ ఎడిటర్ సిస్టమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. మార్చినదాన్ని యూజర్ సొంత ఫోల్డర్‌లో, మామూలుగా కనబడని చోట, వేరే కాపీగా రాస్తుంది. రెండూ ఉంటే సొంత కాపీదే పైచెయ్యి. అది సరిచేసింది అసలు ఎవరూ ముట్టుకోనివాటిని."

"ఖాయమేనా?"

"ఖాయం కాకపోతే మీకు చెప్పే తీరిక నాకుండదు, వినే తీరిక ఊరికుండదు."

స్పీకర్‌లో కుర్చీ కిర్రుమంది. మౌస్ టక్కుమంది.  తర్వాత దొర ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"నెమలీ... నువ్వు చెప్పినట్టే... అంతా మార్చేశాం. నీ పని పూర్తయింది... ఇక బయటికి వచ్చెయ్. ఇట్లు, ఆఫీసు."

"ఇది వాడి పని!" నెమలి అరిచింది. "మా అన్న పని! నమ్మండి, నేను..."

"ఫైళ్ళన్నీ నీ చేత్తోనే సరిచేశానన్నావుగా," అన్నాడు దొర మెల్లగా. "వాడు వెళ్ళాక ముట్టుకున్నది నువ్వొక్కదానివేగా."

టీమ్ లీడర్ మేకు వైపు చూశాడు. సిగ్నల్ ఇవ్వాల్సింది అతనే. మేకు చెయ్యి మోకాలి మీదే ఉంది.

"అన్నయ్యా!" ఆ పిలుపు దొర కోసం కాదు. ఎక్కడో మైక్ ఉండే ఉంటుందని ఆమెకి తట్టింది. తెలివికి ఎప్పుడూ లోటు లేదు. "అన్నయ్యా, వింటున్నావు కదూ? నిన్ను చంపనివ్వలేదురా నేను..."

మేకు హెడ్‌ఫోన్ తీసేశాడు. తీసినా వినబడింది, స్పీకర్ మోగుతూనే ఉంది మరి. తుపాకి శబ్దం ఒక్కటే వచ్చింది. అప్పుడు చెయ్యెత్తాడు.

దొరని కాలర్ పట్టి కిందికి దింపారు. లిఫ్టు ఇంకా కడుగుతున్నారు కాబట్టి మెట్ల మీదుగానే ఈడ్చారు. నెమలి బ్యాగ్‌లోని రేకు డబ్బా ఎవిడెన్స్ కవర్లోకి వెళ్ళింది. మేకు నోట్లో దగ్గు బిళ్ళ ఇంకా పూర్తిగా కరగలేదు. దాన్ని ఉమ్మెయ్యాలని అతనికి అప్పుడుగాని తోచలేదు.

ఆఫీసుకి వచ్చాక డైరెక్టర్ కాఫీ తెప్పించాడు. "మన తూటా ఒక్కటీ ఖర్చు కాలేదు. భేష్." కాసేపు గుటకలు వేశాడు. "మీ అమ్మగారికేం చెప్తావ్?"

"డ్యూటీ మీద దూరం వెళ్ళిందని."

"ఎన్నాళ్ళు చెప్తావలా?"

మేకు కాఫీ కప్పు పక్కకి జరిపాడు. ఇక ఆ మాట పొడిగించడం డైరెక్టర్‌కీ ఇబ్బందిగా తోచింది. తన కంప్యూటర్‌ని ఇటు తిప్పాడు. "సరే, వచ్చావు కాబట్టి ఓ పని చేసిపెట్టు. నా మెనూలోనూ బోలెడు చెత్త ఉంది. పూర్తిగా తీసెయ్యగలవా?"

మేకు కుర్చీ దగ్గరికి లాక్కుని మౌస్ పట్టుకున్నాడు. గుండీ లేని చొక్కా మెడ దగ్గర తెరుచుకుని ఉంది.

"కనబడకుండా చేస్తాను సార్," అన్నాడు. "తీసెయ్యడం నాకు చేతకాదు."