ఓకే నొక్కని పూట

ఆ సెల్‌ఫోన్ అగ్రిమెంటును చివరిదాకా చదివిన మొదటి మనిషి సీక్రెట్ ఏజెంట్ బాపిరాజు. చదివిన పూటే పటాన్‌చెరు హైవే మీద ఒక ట్యాంకర్ అతన్ని గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. ప్రాణం పోయేలోగా అతను హెడ్‌క్వార్టర్స్‌కు ఒక్క మెసేజ్ పంపగలిగాడు: ‘అప్‌డేట్ వస్తుంది. ఓకే నొక్కితే బ్యాటరీ వాళ్ళ కంట్రోల్లోకి పోతుంది. పేలుతుంది.’

సంగారెడ్డి బస్టాండు వెనకున్న ఇరానీ హోటల్లో చీఫ్ రామలింగేశ్వరరావు పేపరు చాటు నుంచి కోడ్‌వర్డ్ విసిరాడు.

“బిస్కెట్లు మెత్తబడ్డాయా?”

“చాయ్‌ల ముంచితే అన్నీ మెత్తవడుతయ్ సార్,” అన్నాడు ఏజెంట్ ఓదెలు.

బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఫ్యాక్టరీ కార్మికులకు సగం ధరకే కలర్ ఫోన్లు అమ్మిస్తోంది. టార్గెట్ ఒక కెమికల్ ప్లాంటు. ఏ ప్లాంటో కనిపెట్టాలి. పటాన్‌చెరు షోరూమ్ మేనేజర్ కమలాకుమారి మన మనిషే, ఆమె సమాచారం ఇస్తుంది. చీఫ్ ఒక టిఫిన్ బాక్సు కూడా ఇచ్చాడు. అది జామర్. మూత తీసి స్విచ్ వేస్తే చుట్టుపక్కల ఏ సిగ్నలూ పనిచేయదట.

ఫ్యాక్టరీలున్న గడ్డపోతారంలో ఓదెలు వేషం రీచార్జ్ కార్డుల దుకాణదారు. సొంతూరు లక్డారం పక్కనే కాబట్టి వేషం బాగానే అతికింది. ఆ నెలంతా వచ్చినవాడికల్లా అగ్రిమెంట్ చదవకుండా ఓకే నొక్కొద్దని చెప్పాడు. అందరూ తలాడించి, వాడి ముందే నొక్కి, వాడి ఫొటోనే తీసి వాడికే చూపించేవారు. సైన్యానికి మందులు చేసే ప్లాంటులో, సాల్వెంట్ షెడ్డులో పనిచేసే సొంత అక్క ముత్యమ్మ కూడా అంతే. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆ అక్కే. ఇప్పుడు ఆ అక్కకు తమ్ముడి మాటకంటే రింగ్‌టోన్ ముద్దు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే కమలాకుమారి ఫోన్ చేసి షోరూమ్‌కు రమ్మంది. నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు చీర, మల్లెపూలు. ఓదెలుకు డ్యూటీ సగం మరుపొచ్చింది. టార్గెట్ జిన్నారం అవతల ప్లాంటని, వెంటనే బయల్దేరమని ఆమె చెప్పింది. అంతలో ఆమె హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది. తీసింది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోను, అంచులు అరిగిపోయినది.

“ఊరందరికీ కలర్ ఫోన్లమ్మి మీరు గిది వాడుతున్నరేంది మేడం?”

“నేను అగ్రిమెంట్ చదివానండి,” అని నవ్వేసింది.

ఆ నవ్వు సగంలో ఆగింది. నోరు జారిందని ఆమెకూ అర్థమైంది, వాడికీ అర్థమైంది. బాపిరాజు తప్ప ఆ సంగతి చదివినవాళ్ళు లేరు. ఈవిడ చదివీ డిపార్ట్‌మెంటుకు చెప్పలేదంటే ముఠా మనిషే. జిన్నారం అన్నదంటే టార్గెట్ జిన్నారం కాదు. మిగతా అన్నిరోజులూ గేటు దగ్గర ఫోన్లు లాక్కునే ప్లాంటులోకి, పూజలో పెట్టడానికి ఫోన్లన్నీ వెళ్ళేది ఇవాళే. అక్క షెడ్డులోకి.

ఓదెలు మోపెడ్ ఎక్కి పరుగు తీయించాడు. దారిపొడవునా అక్కకు ఫోన్ చేశాడు. ఎంగేజ్.

షెడ్డులో రియాక్టర్లకు పసుపు బొట్లు, బంతిపూల దండలు. వాటి ముందు పీట మీద రెంచీలు, స్పానర్లు, వాటి పక్కన కలర్ ఫోన్లు వరుసగా, ప్రతిదానికీ కుంకుమ బొట్టు. హారతి పళ్ళెం ముందుజాగ్రత్తగా గేటు బయటే పెట్టారు. గాలిలో, నిప్పురవ్వకే భగ్గుమనే సాల్వెంట్ వాసన గుప్పుమంటోంది. ఒక్క ఫోన్ పేలినా చాలు.

ఓదెలు టిఫిన్ బాక్సు మూత తీసి స్విచ్ వేశాడు. చిన్న స్క్రీన్ వెలిగింది. షరతులు ఒప్పుకుంటారా అని అడిగింది. వాడు చదవలేదు. నొక్కాడు. ‘ట్రయల్ గడువు ముగిసింది’ అని చూపించి ఆరిపోయింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళూ చదివినట్టు లేరు.

అప్పుడే పీట మీద ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. అప్‌డేట్. ఓకే? ముఠా లెక్కలో అడక్కుండా పేలిస్తే నేరమట, ఓకే అనిపించుకుని పేలిస్తే అగ్రిమెంటట. అన్ని చేతులూ ముందుకు లేచాయి. అన్నిటికంటే ముందు ముత్యమ్మ వేలు. బ్యాటరీ, ముఠా, బాంబు అని చెబితే ఒక్కరూ ఆగరని ఓదెలుకు తెలుసు, నెలరోజులు చెప్పి చూశాడు కదా.

“అక్కా, బొట్టు వెట్టిన పనిముట్టును ముడ్తవా? పొద్దుగూకేదాంక ముట్టొద్దని నువ్వే నేర్పినవ్ గదనే.”

ముత్యమ్మ వేలు స్క్రీన్ మీద గాలిలోనే ఆగింది. “ఫోను పనిముట్టా?”

“మరి పూజల ఎందుకు వెట్టినవే?”

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని చెంపలు వేసుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ వేసుకున్నారు. ఫోన్లు మోగీ మోగీ నీరసించి ఊరుకున్నాయి. ఓదెలు అక్క కాళ్ళ దగ్గరే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో ఆమెకు అర్థంకాక వాడి చేతిలో ప్రసాదం పెట్టింది.

సాయంత్రానికి కమలాకుమారి ముత్తంగి దగ్గర బురఖాలో దొరికింది. నేరం ఒప్పుకుంటున్నట్టు రాసిన వాంగ్మూలం ముందు పెట్టి సంతకం చేయమంటే ఆమె నల్లకళ్ళద్దాలు తీసేసి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి దాటాక రెండుచోట్ల తప్పులు దిద్దించి, అప్పుడు సంతకం పెట్టింది. ఆ కేసు మొత్తంలో చదివి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.