నిన్నటి కుర్చీలు

నూట పద్దెనిమిదో తప్పు దగ్గరికి వచ్చేసరికి కూర్మారావుకి టీ మీద కూడా విరక్తి పుట్టింది.

బల్ల మీద టిఫిన్ క్యారియర్ అంత బూడిదరంగు పెట్టె ఉంది. దాని పేరు దిద్దరి. దాన్ని తయారుచేసిన డాక్టర్ పరంజ్యోతి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. దిద్దరి చేసే పని చెప్పడం తేలికే. పాత సాఫ్ట్‌వేర్‌ని అప్పగిస్తే ముందు అచ్చం అలాంటిదే ఇంకొకటి తన కడుపులో తయారుచేసుకుంటుంది. ఆ నకలుని గంటలో వెయ్యి రోజులపాటు నడిపి, ఎక్కడ తడబడుతుందో, ఎప్పుడు కూలబడుతుందో పట్టుకుని, దిద్ది, మనిషి ముందు పెడుతుంది. మనిషి 'సరే' నొక్కితే అసలుదాన్ని కూడా దిద్దేస్తుంది. నీలంపేట డయాలసిస్ కేంద్రంలో ఆ 'సరే' నొక్కే మనిషి కూర్మారావు.

ఏ రోగి ఏ రోజు ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పే ప్రోగ్రామ్‌ని అతనే ఇరవై ఏడేళ్ళ వయసులో రూబీ ఆన్ రైల్స్‌లో రాశాడు. ఇప్పుడతనికి యాభై నాలుగు. తోడు రాసినవాళ్ళు ముగ్గురూ ఎప్పుడో వేరే పనులు చూసుకున్నారు. ఇతను మాత్రం దానికే అతుక్కుపోయాడు. అది పడుకుంటే లేపాడు, మూలిగితే మందు వేశాడు.

"రోగుల జాబితా పేజీ తెరుచుకోవడానికి నలభై సెకన్లు పడుతోంది," అంది దిద్దరి. "పేర్లన్నీ ఒకసారి తెచ్చి, ఒక్కొక్కరి కుర్చీ నంబరు కోసం మళ్ళీ విడివిడిగా డేటాబేస్ దగ్గరికి వెళ్తున్నారు."

"తెలుసు," అన్నాడు కూర్మారావు.

ఉప్పుకోసారి, పప్పుకోసారి, చింతపండుకోసారి కొట్టుకి పరిగెత్తే ఇల్లాలి పని అది. రైల్స్‌లో includes అని ఒక్క మాట రాస్తే సరుకులన్నీ ఒకే సంచీలో వస్తాయి. వచ్చే ఏడాది రాద్దాం అనుకుంటూనే అతను తలనెరిపించుకున్నాడు. సరే నొక్కాడు.

ఫోన్ నంబరుతో వెతికే చోట ఇండెక్స్ లేదు. పుస్తకం వెనక పదాల పట్టీ లేకపోతే మొదటి పేజీ నుంచీ తిరగేయాల్సిందే కదా. సరే. ఇంకోచోట ఏ పొరపాటు జరిగినా బయటికి పొక్కకుండా మింగేసే rescue ఒకటి పెట్టి ఉంది.

"ఇది మాత్రం పాపం," అంది పరంజ్యోతి మెత్తగా. "తప్పు జరిగితే కేకెయ్యనివ్వాలి. నోరు నొక్కేస్తే రోగం లోపల ముదురుతుంది."

"ఆ రోజు కలెక్టరు గారు చూడ్డానికి వస్తున్నారండి. స్క్రీన్ ఎర్రగా కనిపించకూడదన్నారు. తర్వాత తీసేద్దామనుకున్నాను."

"ఎన్నాళ్ళయింది?"

"పందొమ్మిదేళ్ళు."

ఆవిడ నవ్వలేదు. అందుకు అతనికి ఆవిడ మీద గౌరవం కలిగింది.

నూట పందొమ్మిదోది తెర మీదికి వచ్చింది.

"ఇక్కడ Date.today అని ఉంది," అంది దిద్దరి. "పైన 'ముట్టుకోవద్దు' అని రాశారు. ఎందుకో రాయలేదు."

ప్రోగ్రామర్ల జాతికి పట్టిన జబ్బు ఇది. ముట్టుకోవద్దని రాస్తారు కానీ ఎందుకు ముట్టుకోకూడదో రాయరు. కూర్మారావుకి మాత్రం ఎందుకో బాగా తెలుసు. రాస్తే ఉద్యోగం ఉండదు కాబట్టి రాయలేదు.

సంగతి ఇది. సర్వర్ గడియారం మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. Date.today అంటే సర్వర్ అనుకునే తేదీ. Date.current అంటే మన ఊరి తేదీ. కొత్తగా రైల్స్ నేర్చుకునే ప్రతివాడూ ఒకసారైనా ఈ గోతిలో పడతాడు. కూర్మారావూ పడ్డాడు. దాంతో నీలంపేటలో తెల్లవారి ఐదున్నర దాకా ప్రోగ్రామ్‌కి ఇంకా నిన్నే నడుస్తూ ఉంటుంది. నిన్న రానివాళ్ళ కుర్చీలు అప్పటిదాకా ఖాళీగానే చూపిస్తుంది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది సిస్టర్ సుగుణ. పద్ధతి ప్రకారం వరసగా మూడు వంతులు తప్పినవాడి పేరు జాబితా చివరికి పోతుంది. చివర అంటే ఎనిమిది నెలలు. వంతు లేనిదే చీటీ రాదు, చీటీ మీది బార్‌కోడ్ గీతలు చూపించనిదే డయాలసిస్ మెషిన్ కదలదు. సుగుణ నాలుగున్నరకే వచ్చి, నిన్నటి ఖాళీ కుర్చీల మీద చీటీలు తీసి, వంతు లేనివాళ్ళని కూర్చోబెట్టేది. తొమ్మిదికి అసలు షిఫ్టు మొదలయ్యేలోగా వాళ్ళ పని అయిపోయేది. అలా వచ్చేవాళ్ళలో పైడిరాజు ఒకడు. చేపల పడవలో వంట చేస్తాడు. పడవ ఎప్పుడు ఒడ్డుకొస్తే అప్పుడే అతని వంతు. పదకొండేళ్ళ కిందట సుగుణ వచ్చి, ఆ తప్పు దిద్దొద్దు బాబూ అని అడిగింది. అతను దిద్దలేదు.

"ఏం చేయమంటారు?" అంది దిద్దరి.

కూర్మారావు వేలు అలాగే ఆగింది. నిజం చెబితే మోసం అంటారు. చెప్పకపోతే అది దిద్దేస్తుంది. అప్పటికి ఆరు గంటలుగా ఆ గదిలో కూర్చుని ఉన్నాడు. అబద్ధం అల్లే ఓపిక కూడా లేక పరంజ్యోతికి అంతా చెప్పేశాడు.

ఆవిడ తెర మీది ఆ వరసని ఇంకోసారి చదివింది. తర్వాత, "ఇంత మంచి పని దొంగచాటుగా ఎందుకు జరగాలండీ?" అంది. "దీన్నే పద్ధతిగా రాయిద్దాం. తెల్లవారుజాము షిఫ్టు అని పెడదాం. పై అధికారులతో నేను మాట్లాడతాను. మీ మీదికి ఏమీ రాదు."

చీటీల కట్టతో అప్పుడే లోపలికి వచ్చిన సుగుణ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెప్పీసేరేటి బాబూ?"

"మంచికే సిస్టర్. ఇకమీద దర్జాగా చేసుకోవచ్చు."

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడకుండా చూడండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

కూర్మారావుకి మాత్రం పదకొండేళ్ళ బరువు దిగినట్టయింది. మిగిలిన తప్పులు రెండొందలకి పైగా ఉన్నాయి. కింద ఒక మూల 'ఇకమీదట అన్నిటికీ సరే' అనే మీట కనిపించింది. నొక్కేసి ఇంటికెళ్ళి పడుకున్నాడు.

పై నెలలో తెల్లవారుజాము షిఫ్టు మొదలైంది. పది కుర్చీలు. ముందురోజు సాయంత్రం ఆరింటికి ఫోన్‌లో ఎవరైనా పట్టుకోవచ్చు. జాబితా పేజీ ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకుంటోంది. ఆరు దాటిన నిమిషంలోనే పది కుర్చీలూ అయిపోతున్నాయి. పట్టుకున్నవాళ్ళేం దుర్మార్గులు కారు. వాళ్ళూ రోగులే. తొమ్మిదికల్లా ముగించుకుని ఆఫీసుకో దుకాణానికో పోదామని వాళ్ళకి మాత్రం ఉండదా? సాయంత్రం ఆరింటికి సముద్రం మీద పైడిరాజుకి ఫోన్ సిగ్నల్ ఉండదు, అంతే.

మూడో గురువారం కొత్త షిఫ్టు ఎలా నడుస్తోందో చూడ్డానికి కూర్మారావు తెల్లవారుజామునే వచ్చాడు. ఐదుంబావుకి పైడిరాజు వచ్చాడు. మొహం ఉబ్బిపోయింది. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. బెంచీ మీద కూర్చుని నోటితో ఊపిరి తీస్తున్నాడు.

"ఆరు రోజులైపోనాది బాబూ. ఇంజను చెడిపోయి పడవ రాలేదు."

లోపల రెండు కుర్చీలు ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. పట్టుకున్నవాళ్ళు రాలేదు. చీటీలు మాత్రం వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. సుగుణ కూర్మారావు వంక చూసింది. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

అతను కంప్యూటర్ ముందు కూర్చుని Date.current తీసేసి Date.today అని రాశాడు. చెయ్యి పైకెత్తేలోగా అది మళ్ళీ Date.current అయిపోయింది.

"చిన్న పొరపాటు, దిద్దాను," అంది దిద్దరి.

ఇంకోచోట రాశాడు. దిద్దింది. సరాసరి డేటాబేస్‌లో పైడిరాజు పేరు ఎక్కించాడు. తీసేసింది. సర్వర్ గడియారాన్నే వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పింది. జీవితమంతా తప్పులు చేయకూడదని పాటుపడిన మనిషి, ఒక్క తప్పు చేయడానికి చెమటలు కక్కాడు. చేతకాలేదు. ఏడుపొచ్చింది.

పరంజ్యోతికి ఫోన్ చేశాడు. "అత్యవసరం వాళ్ళకి రెండు కుర్చీలు విడిగా పెట్టిస్తాను," అందావిడ నిద్రగొంతుతో. నిజంగానే బాధపడింది. "ఆమోదానికి వారం పడుతుందండీ."

అంతలో దిద్దరి పిలిచింది.

"అరగంటలో మీరు నాలుగు తప్పులు చేశారు. ఇరవై ఏడేళ్ళలో మీరెప్పుడూ ఇలా చేయలేదు. బాగా అలసిపోయారు. పదిహేను రోజుల సెలవుకి సిఫార్సు చేశాను. మంజూరైంది."

గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద పైడిరాజు అంతా విన్నాడు.

"పోన్లెండి బాబూ," అన్నాడు ఆయాసపడుతూనే. "తవరికైనా దొరికింది."

సుగుణ అంబులెన్స్ పిలిచింది. జిల్లా ఆసుపత్రికి రెండు గంటల దారి. ఇద్దరూ కలిసి పైడిరాజుని ఎక్కించారు. వెంట ఎవరు వస్తారని డ్రైవరు అడిగితే, సెలవులో ఉన్నాను కదా అని కూర్మారావు ఎక్కి కూర్చున్నాడు.