శనివారం మజ్జిగ

శనివారం పొద్దున పది గంటలకు, భర్త మరిచిపోయిన క్యారియర్ పట్టుకుని నంద్యాల బయటి యూనివర్సిటీకి వెళ్లిన నాగజ్యోతికి గేటుకు వేలాడుతున్న తాళం కనిపించింది.

“ప్రవీణ్ సారా? ఈరోజు యాడుంటాడమ్మా?” వాచ్‌మన్ నవ్వాడు. “ఉగాది కాడినుంచి వారానికి ఐదు రోజులే పని. శనివారం ఈడికి కుక్క కూడా రాదు.”

ఉగాది వెళ్లి ఎనిమిది నెలలు. ప్రతి శనివారం “పరీక్షల సెక్షన్‌లో పని తెమలదు” అంటూ బండి తీసే మనిషి మరి ఎక్కడికి వెళ్తున్నట్టు?

ఠక్కున అత్త మాట గుర్తొచ్చింది. ఆళ్లగడ్డలో ఒంటరిగా ఉండే అనసూయమ్మ కూడా ఎనిమిది నెలలుగా ఒకటే చెబుతోంది: “శనివారం శనివారం మీ మామ వస్తాండాడు. కొట్టంలో ఉలి చప్పుడు ఇనపడతాంది.”

మామ ఓబులాచారి ఇంటి పక్క కొట్టంలో రాతి బొమ్మలు చెక్కే శిల్పి. రెండేళ్ల కిందట ఒక శనివారం, చెక్కుతున్న నంది విగ్రహం తన మీదికే ఒరిగి చనిపోయాడు. ఆ దిగులుతో అత్తకు మతి చెదిరిందని అందరూ తేల్చేశారు. సోమవారం కర్నూలులో మానసిక వైద్యుడికి చూపించాలి. ఆ మాట అనుకున్న రోజు ప్రవీణ్ తల వంచుకున్నాడే తప్ప నోరు విప్పలేదు.

నాగజ్యోతి ఇంటికి పోలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కింది.

అత్త, రెక్కలు మూసున్న కొట్టం కిటికీ గట్టు మీద మజ్జిగ చెంబు పెడుతోంది. ముందు తలుపుకు రెండేళ్ల నాటి తాళం అలాగే ఉంది. లోపల మాత్రం టక్, టక్... కాస్త ఆగి మళ్లీ టక్, టక్. మిట్టమధ్యాహ్నపు ఎండలో నాగజ్యోతి ఒళ్లు జలదరించింది.

“ఇన్యావా మే? రెండు దెబ్బలు, ఒక ఆగుడు. అది ఆయన చెయ్యే!”

“ఆ మజ్జిగ ఎవరికత్తా?”

“ఆయనకే. కాసేపటికి చెంబు ఖాళీ అయితాది. శనివారం పోయినోడు తోడు అడుగుతాడంటారు. నాకుండేది ఒక్క కొడుకు. ఇది తాగి వాని జోలికి పోవద్దు సామీ అని మొక్కుకుంటాండా.”

నాగజ్యోతి కొట్టం వెనక సందులోకి తిరిగింది. కంపచెట్ల మాటున భర్త బండి! వెనక తలుపు దబదబా బాదింది.

“తీయప్పా తలుపు! నీ బండి చూసినా.”

చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. రాతి పొడికి తల, మీసం తెల్లబడి, చేతిలో ఓబులాచారి ఉలితో ఒక మనిషి నిలబడ్డాడు.

“వచ్చినావా సామీ!” వెనకే వచ్చిన అనసూయమ్మ గోడ పట్టుకుని కూలబడింది.

“దయ్యం కాదత్తా, నీ కొడుకే.” నాగజ్యోతి భర్త వైపు తిరిగింది. “ఏమప్పా, కన్నతల్లికి పిచ్చని పేరు పెట్టించి, ఈడ రాళ్లు కొడతాండావా?”

“మీ నాయన పోయినాంక ఇంక ఉలి ముట్టనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తివి కదరా!” అనసూయమ్మ ఏడ్చింది. “నిన్ను తోడుకు తీస్కపోతాడేమోనని మజ్జిగ పోస్తాంటి కదరా!”

ప్రవీణ్ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“ఆ ఒట్టుకే దాక్కుంటి మా. ఈ నందిని తిప్పాల, ఒక్క శనివారం రారా అని నాయన ఆర్నెల్లు అడిగినాడు. లీవు లేదంటిని. అబద్ధం మా. లీవులు పదకొండు మిగిలుండె. ఈ దుమ్ములోకి వచ్చేది నాకు నామోషీ. నాయన ఒక్కడే గడ్డపార ఏసి తిప్పబోయినాడు. ఆయన పోయినాంక ఆఫీసోళ్లు అన్ని శనివారాలూ సెలవిచ్చినారు. ఇంట్లో కూచుంటే చెవుల్లో రాయి పడిన చప్పుడే. చిన్నప్పుడు నాయన నేర్పినట్టు ఈడ కొడతాంటేనే అది ఆగుతాంది. నీకు పిచ్చని అందరూ అంటాంటే నోరు మూసుకుంటి, నిజం చెప్తే ఇది కూడా ఆపిస్తావని. మజ్జిగ నేనే తాగినా. నాయనకు పెట్టినావని తెలిసే తాగినా. ఆయన తోడు అడిగింది చచ్చినాంక కాదు మా. బతికున్నప్పుడే అడిగినాడు. నేనే పోలేదు.”