రెక్క మీద మూడు బొంగురు దెబ్బలు

మధ్యాహ్నం 1:05. టూల్ బోర్డు మీద ఒక చోటు ఖాళీగా కనిపించింది.

అమెరికాలోని విచిటా శివార్లలో, విమానాలు రిపేరు చేసే ఆ హ్యాంగర్‌లో ప్రతి పనిముట్టుకూ బోర్డు మీద దాని ఆకారంలోనే నల్లరంగు నీడ గీసి ఉంటుంది. పనిముట్టు తీసుకున్నవాళ్లు ఆ చోట తమ పేరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి. బోల్టు ఎంత బిగిసిందో డయల్ మీద చూపించే అడుగు పొడవు టార్క్ రెంచి చోట మెకానిక్ ఇర్మా ఓల్గిన్ బిళ్ల వేలాడుతోంది. రెంచి ఎక్కడా లేదు.

హ్యాంగర్‌లో ఉన్న ఎయిర్ అంబులెన్స్ విమానం నాలుగింటికి బయల్దేరాలి. డాడ్జ్ సిటీలో పేషెంటు ఎదురుచూస్తున్నాడు. యజమాని గ్లెన్ ఓడెల్ విమానమంతా వెతికించాడు. లోపల లేదని తేలాక, ఇది దొంగతనమేనన్నాడు. ఇర్మా ప్రొబేషన్ పూర్తి కావడానికి ఇంకా ఐదు రోజులే ఉంది. ముందు ఆమెను ఇంటికి పంపి, తర్వాత విమానాన్ని పంపుదామని అతని తొందర.

విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టర్ మార్సీ ప్రూయెట్ పెట్టనంది. ఆమె పద్నాలుగేళ్లు కౌంటీ డిటెక్టివ్‌గా చేసి ఇక్కడికి వచ్చింది. ఎవరినైనా సగమే నమ్ముతుంది. ఆ సగం కూడా కాగితం మీద ఉంటేనే.

భోజన విరామం 12:15 నుంచి 12:45 దాకా. ఆ సమయంలో హ్యాంగర్‌లో ఉన్నది ముగ్గురే.

పెయింటర్ వెర్న్ టిక్నర్ స్ప్రే గదిలో ఉన్నానన్నాడు. అడగకముందే తన బ్యాగు తెరిచి చూపించాడు. అంత తొందరగా చూపించడం మార్సీకి నచ్చలేదు. అది కూడా రాసుకుంది.

డెల్బర్ట్ క్రౌస్ అందరికంటే పెద్దవాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు రేకు విమానాలకు, రేకులు కలిపే రివెట్లు కొట్టాడు. ఈ కార్బన్ విమానాల దగ్గరికి వచ్చి మూడేళ్లయింది. మార్సీ ప్రశ్నలడుగుతూ నోట్‌బుక్ కోసం తల వంచినప్పుడల్లా, ఏమన్నావని మళ్లీ అడిగాడు. ఎదురుగా చూసి అడిగితే వెంటనే జవాబిచ్చాడు.

చివరగా ఇర్మా. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"తొమ్మిదింటికి తీసుకున్నా. తినడానికి వెళ్తూ ట్రాలీ మీద పెట్టా. అంతే మేడమ్."

"నీ బిళ్ల తగిలించి ఉండగా ఆ రెంచిని ఇంకెవరైనా వాడతారా?"

"అందరూ వాడతారు. ఒక్క బోల్టు బిగించడానికి బోర్డు దాకా ఎవరు నడుస్తారు?"

"తినేటప్పుడు ఏమైనా విన్నావా?"

ఇర్మా ఆలోచించింది. "కుడి రెక్క వైపు నుంచి, ఎవరో నాణెంతో తడుతున్న చప్పుడు వచ్చింది. రెక్క బాగుందో లేదో చూసే టెస్టేమో అనుకున్నా."

మార్సీ పెన్ను ఆగింది. ఆ రోజు టెస్టు ఏదీ లేదు.

"ఎలా వినిపించింది? గుర్తు తెచ్చుకో."

"టక్, టక్ అని గట్టిగా. మధ్యలో మూడు దెబ్బలు బొంగురుగా పలికాయి. మళ్లీ మామూలే."

"బొంగురు రాగానే ఆపారా?"

"లేదు మేడమ్. అదే వేగంతో కొట్టుకుంటూ పోయారు."

3:10. మార్సీ అందరినీ కుడి రెక్క చుట్టూ నిలబెట్టింది. రంగు నిగనిగలాడుతోంది. గీత లేదు, సొట్ట లేదు.

"దొంగ రెంచి తీసుకుని పోతాడు. రెక్కను తట్టి చూడడు," అంది. "రెంచి చేయి జారి రెక్క మీద పడింది. అక్కణ్నుంచి నేల మీద పడి డయల్ పగిలి ఉంటుంది. పగిలిన రెంచి బోర్డెక్కితే, ఎక్కడ పడిందని అడుగుతారు. అందుకే అది మాయమైంది."

గ్లెన్ రెక్కను చేత్తో నిమిరి, దెబ్బే లేదు కదా అన్నాడు.

"రేకయితే సొట్ట పడేది. ఇది పొరల మీద పొర అంటించిన కార్బన్. మెల్లగా తగిలిన దెబ్బకు పైపొర వంగి, మళ్లీ లేచి నిలుస్తుంది. లోపలి పొరలు తడిసిన ప్లైవుడ్‌లా విడిపోతాయి, అక్కడ తడితే బొంగురుగా పలుకుతుంది. గాల్లో బరువు పడితే రెక్క అక్కడే మడత పడుతుంది."

ఆమె జేబులోంచి క్వార్టర్ డాలర్ నాణెం తీసి డెల్బర్ట్ చేతికిచ్చింది.

"ఒకసారి తట్టండి, పెద్దాయనా."

డెల్బర్ట్ మొహం పాలిపోయింది. అయినా తట్టాడు. టక్, టక్. తర్వాత డబ్, డబ్, డబ్. మళ్లీ టక్. అతని చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"చూశారా, అంతా ఒకటే," అన్నాడు. "మధ్యాహ్నం కూడా ఇలాగే తట్టి చూశా. బాగుందనే వదిలేశా..."

డెల్బర్ట్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఇర్మా తల దించుకుంది. వెర్న్ కూడా చూపు తిప్పుకున్నాడు. నాణెం పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"నాకొక్కడికే వినపడలేదా?"

"చెవులున్న వాళ్లెవరైనా అక్కడ ఆగేవాళ్లు," అంది మార్సీ. చెప్పాక ఆమెకే బాధేసింది.

గ్లెన్ ఇంకో విమానం కోసం ఫోన్ అందుకున్నాడు. డెల్బర్ట్ తన లంచ్ పెట్టె తెరిచి డయల్ పగిలిన రెంచిని బయటికి తీశాడు. చెవుల సంగతి బయటపడితే పని పోతుందని భయపడ్డానన్నాడు. ఇర్మాను దొంగ అంటుంటే నోరు మెదపలేదని కూడా తనే ఒప్పుకున్నాడు.

బోర్డు దగ్గరికి నడిచాడు. ఇర్మా బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఖాళీలో తన బిళ్ల తగిలించాడు.

"నన్ను ఏమైనా అనాలనుంటే అను, అమ్మాయ్," అన్నాడు. "కాస్త నా వైపు చూసి అను."