హామీ పత్రం

జనవరిలో ఢిల్లీకి సాయంత్రం అంటూ ఉండదు. నాలుగున్నరకే పొగమంచు వచ్చి కిటికీలకి ఆనుకుంటుంది. వసంత్ కుంజ్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో, ఆ వేళకి ప్రవల్లిక తలుపులన్నీ వేసి, హీటరు పెట్టి, గాలి మరీ పొడిబారకుండా పక్కన గిన్నెలో నీళ్ళుంచి, కూతురి కాళ్ళకి మేజోళ్ళున్నాయో లేదో చూసి, అప్పుడుగానీ లాప్‌టాప్ ముందు కూర్చునేది కాదు. చలికి బడి మూసేశారు. భర్త రఘునందన్ గుర్గావ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. అందాకా ఇంట్లో తనూ, ఏడేళ్ళ ఇషితా.

తెనాలి వదిలి పదకొండేళ్ళు. ఇషితకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "అన్నం తిన్నావా తల్లీ?" అంటే "ఖా లియా మమ్మీ." అక్షరాలైతే అ, ఆ దాటలేదు. ఇది తన పెంపకంలో లోపమేనని ప్రవల్లిక దిగులు. ఆ దిగులు మరిచిపోవడానికే రెండేళ్ళుగా ఒక అంతర్జాల పత్రికకి కథలు పంపుతోంది.

ఈసారి వాళ్ళు దెయ్యం కథలతో ప్రత్యేక సంచిక వేస్తున్నారు. ప్రవల్లికకి ఆ కథ ఇషిత నోటినుంచే దొరికింది. వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన, ఒక దీదీ, అదే అక్క, కూర్చుని ఉంటుందట. పదేళ్ళుంటాయట. ఎప్పుడో ఈ ఇంట్లోనే ఉండేదట. అల్లరి చేస్తోందని వాళ్ళమ్మ ఒకరోజు బాల్కనీలోకి నెట్టి లోపల గడియ పెట్టిందట. పెట్టి, నిద్రపోయిందట. అప్పుడూ ఇలాగే పొగమంచట.

పిల్లల ఊహలకి అంతుందా! ప్రవల్లిక నవ్వుకుని, రెండు రోజుల్లో కథ పూర్తిచేసింది. చిక్కల్లా హామీ పత్రం దగ్గర వచ్చింది. 'ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు. ఇంకెక్కడికీ పంపలేదు.' అందరూ చూడకుండా రాసిచ్చేసే మూడు ముక్కలు. కానీ బడి డైరీలో సంతకం పెట్టాలన్నా రెండుసార్లు చదివే మనిషి ఆమె. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. నా సొంతమా ఇది?

"ఇషీ, నీ దీదీ కథ పత్రికకి పంపనా? నా సొంతమని రాసివ్వాలి మరి."

ఇషిత రంగు పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. "మేరీ థోడీ హై. దీదీ కీ హై. పూఛ్‌కే ఆతీ హూ." నాది కాదుగా, దీదీది, అడిగొస్తానని బాల్కనీలోకి పరుగెత్తింది.

రెండు నిమిషాలకి చేతులు రుద్దుకుంటూ వచ్చింది. "ఠీక్ హై బోలీ. లేకిన్ వో భీ కుఛ్ లేగీ."

"సరేనంటూనే బదులు తీసుకుంటుందా? అమ్మో, గట్టిపిల్లే! ఏం కావాలట?"

"నహీ బతాయా." చెప్పలేదట.

"సరే, తీసుకోమను," అని ప్రవల్లిక నవ్వింది.

"దీదీ! మమ్మీ నే హా బోల్ దియా!" అమ్మ ఒప్పుకుందని బాల్కనీ వైపు తిరిగి ఇషిత అరిచింది.

ఆ ఆదివారం సాయంత్రమే కథ, కింద హామీ పత్రం, రెండూ పత్రికకి వెళ్ళిపోయాయి. ఆమె మనసు తేలికైంది.

మర్నాడు పొద్దున్న ఇషిత పాలగ్లాసు ముందు కూర్చుని, "అమ్మా, పాలు సల్లారిపోనాయి," అంది.

ప్రవల్లిక చేతిలో గరిటె ఆగిపోయింది. తెలుగు! మమ్మీ కాదు, అమ్మా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ యాస తమ వైపుది కాదని ఆ తర్వాతెప్పుడో తట్టింది. ఫోన్‌లో కామెడీ వీడియోలు చూసి పట్టేసి ఉంటుందిలే అనుకుంది. బుధవారానికి ఆ పిల్ల నోట హిందీ ముక్క లేదు.

"ఎవరి పిల్లోయ్ ఇది? శ్రీకాకుళం నుంచి దింపుకున్నావా?" అని రఘునందన్ ఎగతాళి చేశాడు.

"ఏడ్చారు. నేర్చుకుంటుంటే దిష్టి పెట్టకండి," అంది ప్రవల్లిక.

ఇంకొకటి కూడా మారింది. ఇషిత అమ్మ కొంగు వదలడం లేదు. రాత్రి మెడ చుట్టూ చేతులు వేసి, ఊపిరాడనంతగా పట్టుకుని పడుకుంటోంది. బాల్కనీలో ఆరేసిన బట్టలు తెమ్మంటే తల అడ్డంగా ఊపుతోంది. సాయంత్రం కాగానే మాత్రం ఒకటే అడుగుతుంది... "అమ్మా, బాల్కనీ గడియ ఏసేవా?"

శనివారం అయిదు గంటలకి ఫోన్ మోగింది.

"నమస్కారమమ్మా, శేషగిరిని, పత్రిక సంపాదకుణ్ణి. పొద్దున్న సంచిక వచ్చింది, చూశారా? మీ కథకన్నా మీ పాప గొంతుకే ఎక్కువ మార్కులు పడుతున్నాయి. కోప్పడకూడదు మరి!"

"పాప గొంతేమిటండీ?"

"అదేనమ్మా, కథ పాపచేత చదివించి రికార్డు చేసి పంపారుగా. మంగళవారం, మీ మెయిల్ నుంచే. మాది పలాస. మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. మీదీ అటేనా?"

"మాది తెనాలి... మా పాపకి తెలుగు చదవడం రాదండీ. నేనేం పంపలేదు. దయచేసి తీసేయండి."

"తీసేయమంటే తీసేస్తాను. కానీ ఒక్కసారి పూర్తిగా వినండమ్మా. కథ అయిపోయాక చివర పాప హిందీలో ఏదో అంటోంది. మాకెవరికీ హిందీ రాదు. ముఖ్యమైనదేమో అని కత్తిరించలేదు."

ఫోన్ పెట్టేసి ఆమె సోఫా వైపు చూసింది. ఇషిత శాలువా కప్పుకుని, తలొంచుకుని బొమ్మకి రంగు వేస్తోంది. పేజీ అంతా తెల్లగానే ఉంది. తెల్ల పెన్సిల్‌తో వేస్తోంది.

ప్రవల్లిక ఫోన్‌లోనే పత్రిక పేజీ తెరిచింది. కథ పేరు. తన పేరు. కింద రికార్డింగు, నిడివి పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. నొక్కింది.

ఇషిత గొంతే. తడబాటు లేకుండా, అక్షరం పొల్లుపోకుండా చదువుతోంది. గడియ పెట్టిన చోట ఆ గొంతు కొంచెం నవ్వింది. కథ అయిపోయింది.

తర్వాత గాలి హోరు.

అద్దం మీద వేళ్ళతో తడుతున్న చప్పుడు... టక్... టక్...

"మమ్మీ..."

ఇదీ ఇషితే. కానీ ఈ గొంతు వణుకుతోంది.

"మమ్మీ, బహుత్ ఠండ్ లగ్ రహీ హై. దర్వాజా ఖోలో నా..."

చలేస్తోంది, తలుపు తియ్యి.

ప్రవల్లిక పరుగెత్తింది. వంటిల్లు దాటి, గడియ లాగి, బాల్కనీ తలుపు తెరిచింది. కాలిన ఆకుల వాసనతో పొగమంచు మొహం మీద పడింది. వాషింగ్ మెషీన్. తీగ మీద తడి బట్టలు. ఎవరూ లేరు. మెషీన్ పక్కన నేల తడిమింది. మంచులా ఉంది.

"ఇషీ..." అని గొణిగింది.

చేతిలోని ఫోన్ జవాబిచ్చింది. "యహా హూ, మమ్మీ. ఇధర్ దేఖో నా. ఇధర్..."

ఇక్కడే ఉన్నాను... ఇటు చూడు...

మంగళవారం వచ్చిన రికార్డింగు అది.

ప్రవల్లిక అరవబోయింది. అంతలో వెనకనుంచి ఒక చిన్న చెయ్యి ఆమె స్వెటరు అంచు పట్టుకుంది. నెమ్మదిగా, ప్రేమగా లోపలికి లాగింది.

"తలుపేసీయమ్మా. సలొచ్చేస్తంది."

ఆమె తిరగలేదు. తిరిగి ఆ మొహం చూసే ధైర్యం లేదు.

"ఆపీయమ్మా అది..." ఆ చెయ్యి ఫోన్ వైపు పాకింది. "అది కతలో నేదు."

ప్రవల్లిక ఫోన్‌ని రెండు చేతులా గుండెకి అదుముకుంది. లోపల ఇషిత ఏడుస్తూనే ఉంది. వెలుగుతున్న తెరవైపు కళ్ళు దించింది. నిడివి పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు కాదు. పద్నాలుగు నిమిషాల ఆరు సెకన్లు.

ఏడు.

ఎనిమిది.

తొమ్మిది...