ఎవీలియో వెనకాల

మయెలిన్ ఆ రోజు ఎవరికీ చెప్పకుండా రొట్టెల కొట్టు ముందు నుంచి వెళ్ళిపోయింది. చినుకులు మొదలయ్యేసరికి దండెం మీది బట్టలు గుర్తొచ్చి, "అయ్యో, బట్టలు!" అంటూ పరుగెత్తింది. తను ఎవరి తర్వాతో వెనకవాళ్ళకు చెప్పి వెళ్ళాలన్న సంగతి మరిచిపోయింది.

వాళ్ళ ఊరు మతాన్సాస్‌లో రొట్టెల కోసం ఎవరూ బారులు తీరరు. ఒకరు గోడ నీడన ఉంటారు, ఒకరు ఎదురరుగు మీద కబుర్లాడుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు "చివరెవరు?" అని కేకేస్తే ఒక చెయ్యి లేస్తుంది. ఇక ఆ మనిషి వెనకే వాళ్ళ చోటు.

ఆమె తిరిగొచ్చేసరికి గొడవ జరుగుతోంది. మయెలిన్ చోటు పోయినట్టేనని సొబెయ్‌దా అనే ముసలావిడ వాదిస్తోంది. ఎవరో సన్నటి కుర్రాడు నిలువునా తడుస్తూ ఆవిడకు ఎదురు నిలబడ్డాడు.

"ఆవిడ నా ముందు. నేను ఆవిడ వెనక. ఆవిడే లేకపోతే నేనెక్కడున్నట్టు?"

మయెలిన్‌కు నవ్వాగలేదు. ఆమెను చూసి అతను తగ్గు స్వరంతో అడిగాడు.

"బట్టలు తడిశాయా?"

"లేదు. మీరే తడిశారు."

అతని పేరు ఎర్మెస్. ఎక్కడో దూరాన, తూర్పు చివరి గ్వాంతానమో కొండల వాడు. నది మీది వంతెన బాగుచేయడానికి వచ్చిన పనివాళ్ళలో ఒకడు. ఆ మర్నాటి నుంచి, ఎలా కుదుర్చుకునేవాడో గానీ, రోజూ సరిగ్గా ఆమె వెనకే ఉండేవాడు. అతని సాగదీసే యాసను ఆమె అనుకరించి చూపించేది. అరటిపండుకు వాళ్ళ వైపు వాడే పేరు ఇక్కడ గినీ కోడికి పేరు. పండు అడిగి కోడిని చంకన పెట్టుకుపోతావని ఏడిపించేది. మీ ఊళ్ళో కోళ్ళు కూడా అంత తియ్యగా ఉంటాయా అని అతను అమాయకంగా అడిగేవాడు. రొట్టెలు ఆలస్యమైన రోజున ఆమెకు విసుగు రావడం మానేసింది.

ఒక వానరోజు ఇద్దరూ కొట్టు చూరు కింద ఇరుక్కున్నారు. అతను రోడ్డు మీది నీళ్ళను చూస్తూ అన్నాడు.

"మయెలిన్, నీ దగ్గర చివరెవరు?"

రొట్టెల గురించి కాదని ఆమెకు తెలుసు. కానీ ఇన్నాళ్ళూ ఏడిపించడానికి అలవాటుపడ్డ నాలుక ముందే కదిలింది.

"ఎవీలియో. వెళ్ళి అతని వెనక నిలబడు."

ఎవీలియో తాతకు ఎనభై దాటాయి. భార్య పోయాక, పొద్దున్నే టోపీ తీసి మయెలిన్‌ను పెళ్ళాడమని అడగడం ఆయనకొక వేడుక. ఆ వీధిలో అది తెలియనివాళ్ళు లేరు. ఎర్మెస్ నవ్వుతాడని, నవ్వి మళ్ళీ అడుగుతాడని ఆమె ఎదురుచూసింది.

అతను నవ్వలేదు. కొట్లోకి ఒకసారి చూశాడు. "సరే" అన్నాడు.

ఆ తర్వాత అతను వేరే వేళల్లో రావడం మొదలుపెట్టాడు. ఎదురుపడితే పలకరించి పక్కకు తప్పుకునేవాడు. ఇంత చిన్న పరాచికానికే ముఖం మాడ్చుకునేవాడిని బతిమాలేదేమిటని ఆమెకు పంతం వచ్చింది. తనే వస్తాడులే అనుకుంది. వానలు వెనకబట్టాయి. వంతెన మీద మళ్ళీ బస్సులు తిరిగాయి.

ఆ వారంలోనే ఒక ఉదయం, కొట్లో రొట్టెలిచ్చే చీనో ఆమెను ఆపాడు. అతనికి కొట్టుకొచ్చే ఆడవాళ్ళందరూ ప్రాణమే.

"నా ప్రాణమా, ఆ గ్వాంతానమో అబ్బాయికి ఏమైంది? నిన్న వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఆమెను బాగా చూసుకో అన్నాడు. ఎవరినయ్యా అంటే జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు."

మయెలిన్ కళ్ళు అతని ఏప్రాన్ మీదికి వెళ్ళాయి. పిండి మరకల కింద నీలం దారంతో కుట్టిన పేరు ఉంది. ఎవీలియో. చిన్న కళ్ళని చూసి ఊరంతా చీనో, అంటే చైనావాడు, అని పిలవడం మొదలుపెట్టాక వాళ్ళమ్మ కూడా పలకని పేరు. ఊరివాళ్ళెవరూ దాన్ని చదవరు. కొత్తవాడు చదివాడు.

రొట్టె అక్కడే వదిలేసి ఆమె పరుగెత్తింది.

నది ఒడ్డున పనివాళ్ళ పాకలు ఖాళీగా ఉన్నాయి. కాపలా ముసలాయన ఒక్కడే పొయ్యి మీద కాఫీ కాస్తున్నాడు. తెల్లవారుజాము రైలుకే అందరూ వెళ్ళిపోయారని చెప్పాడు. ఎర్మెస్ ఏ ఊరివాడో ఆయనకు తెలియదు. కొండల్లో ఎక్కడో అన్నాడు.

"మరమ్మతు జట్టులో ఇక్కడే ఉండిపోతానని పేరిచ్చాడమ్మా. ఒక వానరోజు తడిసి వచ్చి, నా పేరు కొట్టేయండి అన్నాడు. కారణం అడిగితే, తన ముందు మనిషి ఉన్నాడన్నాడు. నాకు అర్థం కాలేదు."

ముసలాయన గ్లాసులో కాఫీ పోసి అందించాడు.

"నువ్వతనికి ఏమవుతావు?"

"ఏమీ కాను" అంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"అతను అడిగాడు. నేనే సరిగ్గా చెప్పలేదు."